కౌంటరుకు ఈవల

"కే నెథెసీతా సు మాద్రే?"

ఈ ప్రశ్న వేసిన యువకుడు బ్యాంకు కౌంటరుకు ఆవల కూర్చుని ఉన్నాడు. ఈవల నేనూ, మా అమ్మాయీ నిలుచుని ఉన్నాము. "మీ అమ్మగారికి ఏమి కావాలి?" అని ఆ మాటకు అర్థం. అడిగింది మా అమ్మాయిని. ఖాతా నాది, అందులోని డబ్బు నాది, కౌంటరు మీద పెట్టిన గుర్తింపు కార్డులోని ముఖం నాది. అయినా ఆ అబ్బాయి నా వంక చూడలేదు. మా అమ్మాయి నా తరపున ఏదో చెప్పింది. అతడు ఏదో అడిగాడు. ఆమె మళ్ళీ ఏదో చెప్పింది. చివరికి ఒక కాగితం నా ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపాడు. పెట్టాను. పని పూర్తయింది.

బయటికి వచ్చాక మా అమ్మాయి, "చూశావా అమ్మా, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు" అన్నది సంతోషంగా. నిజమే. ఆ అయిదు నిమిషాలలో నేను ఒక్క మాటయినా మాట్లాడలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. కాని ఇల్లు చేరేదాకా నాకు నోట మాట రాలేదు. నేను 37 సంవత్సరాలు బ్యాంకులో పనిచేసినదాన్ని. అందులో అధికభాగం కాషు కౌంటరులోనే గడిచింది. పైగా, ఆ యువకుడు అడిగిన ప్రశ్న నేను అంతకు పూర్వం ఎక్కడో విన్నట్లే అనిపించింది. ఎక్కడ విన్నానో, ఎవరి నోట విన్నానో ఆనాడు ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు.

నేను ఉద్యోగంలో చేరింది 1980లో. 1969 జూలైలో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసిన తర్వాత పల్లెలకు శాఖలు విస్తరిస్తున్న కాలమది. అనంతపురం జిల్లాలోని నాలుగైదు ఊళ్ళలో పనిచేశాను. ఇనుప కమ్మీల కిటికీ, ఇత్తడి టోకెన్లు, వేళ్ళు తడుపుకొనే స్పాంజి, ఒక మనిషి ఎత్తలేని లెడ్జర్లు - ఇదీ నా ప్రపంచం. 2017లో పదవీ విరమణ చేశాను. తర్వాత నాలుగేళ్ళకు మావారు కాలం చేశారు. ఒక్కగానొక్క కూతురు స్పెయిన్ దేశంలో ఇంజనీరు. "అక్కడ ఒంటరిగా ఎందుకమ్మా, వచ్చెయ్యి" అన్నది. కాగితాల వ్యవహారం ముగియడానికి చాలాకాలం పట్టింది. చివరికి 66వ ఏట మాడ్రిడ్ నగరానికి దక్షిణాన, సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న హెతాఫె అనే పట్టణానికి చేరాను. విమానాల తయారీకి పేరుపడిన ఊరు అది.

ఈ రోజులలో బ్యాంకుకు వెళ్ళవలసిన అవసరమేమిటి, అన్నీ ఫోనులోనే అయిపోతాయి గదా అని మీరు అనవచ్చు. ఫోనులోని అక్షరాలు కూడా స్పానిష్ భాషలోనే ఉంటాయి మరి! పైగా వారపు సంతలో కూరగాయలకు చేతిలో డబ్బు ఉండాలి. పాసు పుస్తకంలో పద్దు చూసుకొంటేగాని నాబోటి వారికి నిద్ర పట్టదు. మా అమ్మాయి ఇంటిఖర్చుకని నెలనెలా నా ఖాతాలో కొంత వేసేది. దాన్ని తీసుకోవాలంటే మాత్రం ఆమె సెలవు రోజు కోసం, ఆమె తీరిక కోసం కాచుకొని ఉండాలి. డబ్బు నాదే, దాన్ని అడగడానికి కావలసిన నోరు మాత్రం నాది కాదు.

ఆ రాత్రే ఒక నిశ్చయానికి వచ్చాను. స్పానిష్ భాష నేర్చుకొంటాను. అంతా కాదు. ఇరవై దేశాలకు అధికార భాష అయిన ఆ మహాసముద్రాన్ని ఈ వయస్సులో ఈదే సాహసం నాకు లేదు. బ్యాంకు తలుపు దగ్గరినుండి కౌంటరు దాకా పది అడుగులుంటాయి. ఆ పది అడుగులకు సరిపడా భాష చాలును.

గురువు ఇంట్లోనే దొరికాడు. మా మనవడు ఎనిమిదేళ్ళవాడు. అక్కడి బడిలోనే చదువుతున్నాడు. భోజనాల బల్లకు ఆవల వాడు కాషియరు. ఈవల నేను ఖాతాదారును. కాగితాలు కత్తిరించి నోట్లు చేశాడు. నేను నేరుగా డబ్బు అడగబోతే వాడు తల అడ్డంగా తిప్పాడు. "అమ్మమ్మా, ముందు 'బుయెనోస్ దీయాస్' చెప్పాలి. చెప్పకపోతే నేనివ్వను" అన్నాడు. తర్వాత తెలిసింది, అది పిల్లవాడి చాదస్తం కాదని. ఆ దేశంలో దుకాణంలోగాని, బ్యాంకులోగాని అడుగుపెట్టినవారు అక్కడున్న వారందరికీ వినబడేలా శుభోదయం చెప్పడం మర్యాద. మొదటి పాఠం అదే అయింది.

భాష వినడానికి వేగంగా ఉన్నదేగాని, పలకడానికి మన నోటికి పరాయిది కాదు. తెలుగును అజంత భాష అంటారు గదా! స్పానిష్‌లోనూ అనేక పదాలు అచ్చులతోనే ముగుస్తాయి. బాంకో అంటే బ్యాంకు, దినేరో అంటే డబ్బు, సాల్దో అంటే నిలువ, ఫీర్మా అంటే సంతకం. అ, ఎ, ఇ, ఒ, ఉ - అయిదే అచ్చులు. ఎక్కడ రాసినా ఒకే విధంగా పలుకుతారు. త, ద అనే అక్షరాలను మనవలెనే పళ్ళకు నాలుక ఆనించి పలుకుతారు. మనం రాత నుండి సాగనంపిన బండి ఱ వారి నోట ఇంకా గడగడలాడుతున్నది. పొదుపును అఓఱ్ఱో అంటారు. రేఫను తేలికగా పలికి అఓరా అంటే 'ఇప్పుడు' అయిపోతుంది. వర్ణమాలలో చదువుకోవడమేగాని ఏనాడూ ఒంటరిగా వాడి ఎరుగని ఞ అక్షరానికి కూడా అక్కడ ఉద్యోగం దొరికింది. సెఞోరా అంటే అమ్మగారు; కొంత్రసేఞా అంటే ఎవరికీ చెప్పకూడని రహస్యపు మాట, పాస్‌వర్డు.

కొన్ని పదాలు చుట్టాలవలె పలకరించాయి. వారు మాయెస్త్రో అంటారు. మనకు మేస్త్రీ ఉన్నాడు. వారి ఆర్మారియో మన ఇంటి అలమారాయే. ఈ మాటలు మనకు వచ్చింది పోర్చుగీసువారి నుండి. ఆ భాష స్పానిష్‌కు తోబుట్టువు వంటిది. నాలుగైదు వందల ఏళ్ళ క్రితం ఓడలలో వచ్చిన మాటలు మన ఇళ్ళలో స్థిరపడగా లేనిది, విమానంలో వెళ్ళిన నేను వారి మాటలు నాలుగు నేర్చుకోలేనా అని ధైర్యం చెప్పుకొన్నాను.

ఒక నోటు పుస్తకం కొనుక్కొని, ఎడమ పుటలో స్పానిష్ మాటను తెలుగు లిపిలోను, కుడి పుటలో దాని అర్థాన్ని రాసుకోసాగాను. డబ్బు తీయడం - సకార్. డబ్బు వేయడం - ఇంగ్రెసార్. రొక్కం - ఎఫెక్తీవో. నెమ్మదిగా చెప్పండి - మాస్ దెస్పాథియో, పోర్ ఫవోర్. రాసి చూపగలరా - పువేదే ఎస్క్రిబీర్లో? డబ్బు కావాలని అడగడంలో కూడా ఒక సొగసు ఉన్నది. 'కావాలి' అనరు, 'కెరీయా' అంటారు. అంటే 'కోరుతూ ఉంటిని' అని భూతకాలంలో చెప్పడం. కోరికను కొంచెం వెనక్కి జరిపితే అది మర్యాద అవుతుంది. "ఒక మాట అడిగిపోదామని వచ్చానండీ" అని మనమూ భూతకాలంలోనే గదా మొదలుపెడతాము!

అట్లా రాసుకొంటూ రాసుకొంటూ ఒకనాడు 'కుయెంతా' అన్న పదం దగ్గరికి వచ్చాను. బ్యాంకులో ఖాతాను కుయెంతా అంటారు. హోటలులో భోజనం చేశాక తెచ్చే బిల్లునూ అదే మాటతో పిలుస్తారు. కొంతార్ అన్న క్రియ నుండి వచ్చింది. దానికి లెక్కపెట్టడం అనీ, కథ చెప్పడం అనీ రెండర్థాలు. మనవడు ఒక వాక్యం చెప్పాడు: "కువాంతో దినేరో తేంగో ఎన్ మి కుయెంతా?" నా ఖాతాలో ఎంత డబ్బున్నది? నేను కుడి పుటలో దాని అర్థాన్ని, పుట్టి పెరిగిన ఊరి మాటలో, ఆలోచించకుండా రాసేశాను: "నా లెక్క ఎంతుండాది?"

రాసి, కలం అక్కడే ఆపివేశాను.

అనంతపురం సీమలో డబ్బును లెక్క అంటారు. "సెనిక్కాయల లెక్క వచ్చిందా?" అంటే వేరుసెనగ అమ్మిన సొమ్ము చేతికందిందా అని. నేను రాసుకొన్న వాక్యం నాది కాదు. 1986 ప్రాంతంలో ఒక అవ్వ నా కిటికీ ముందు నిలబడి అడిగిన మాట అది. ఎప్పుడూ కొడుకు వెంట వచ్చేది. ఆనాడు మాత్రం ఒంటరిగా వచ్చింది. కిటికీ కమ్మీలకు ముఖం ఆనించి, ఎవరికీ వినబడకూడదన్నట్లు, "నా లెక్క ఎంతుండాదో సూసి సెప్పు తల్లీ" అన్నది. వెనుక వరుసలో ముప్పై మంది ఉన్నారు. "ఇక్కడ కాదు, బ్యాలెన్సు అక్కడ మూడో కౌంటరులో అడుగు" అన్నాను తల ఎత్తకుండానే. బ్యాలెన్సు అన్న మాట ఆమెకు తెలియదు. కౌంటరు అన్న మాటా తెలియదు. కాసేపు గోడ పక్కన నిలబడి, బస్సు వేళ కాగానే వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు కొడుకుతో వచ్చింది. ఫారం అతడే నింపించుకొని వచ్చాడు. దాదాపు ఖాతాలో ఉన్న సొమ్మంతా తీయడానికి. నేను ఆ ఫారం చూసి అతడినే అడిగాను: "ఏమప్పా, ముసలామెకు ఎంత కావాలంట?" అతడే జవాబు చెప్పాడు. ఆమె వేలిముద్ర వేసింది. నిబంధన ప్రకారం నోట్లు ఆమె చేతికే ఇచ్చాను. మరుక్షణం అవి అతడి జేబులోకి వెళ్ళాయి. నా పద్దులో పైసా తేడా రాలేదు.

హెతాఫె బ్యాంకులో విన్న ప్రశ్నను అంతకు ముందు ఎక్కడ విన్నానో అప్పుడు తెలిసింది. నా నోటనే విన్నాను.

ఆ తర్వాత స్పానిష్ నేర్చుకోవడం నాకు కాలక్షేపం కాలేదు. ఒకనాటి ఉదయం ఎవరికీ చెప్పకుండా, నోటు పుస్తకం సంచిలో వేసుకొని, ఒంటరిగా బ్యాంకుకు బయలుదేరాను. దారి పొడవునా ఒకే వాక్యం వల్లించుకొన్నాను. "బుయెనోస్ దీయాస్. కెరీయా సకార్ సెసెంతా ఎఉరోస్." అరవై యూరోలు తీసుకోదలచి వచ్చాను.

కౌంటరు దగ్గర వాక్యం ఒక్క గుక్కలో చెప్పేశాను. యువకుడు తల ఊపాడు, సంతకం తీసుకొన్నాడు, నోట్లు ఇచ్చాడు. నా వేళ్ళు వాటంతట అవే లెక్కపెట్టాయి. 70! ఒక పది ఎక్కువ ఇచ్చాడు, పాపం సాయంత్రం లెక్క తప్పుతుంది అనుకొని పది యూరోల నోటు వెనక్కి జరిపాను. అతడు కాగితం చూపాడు. దాని మీద 70 అనే ఉన్నది. కింద ఉన్న సంతకం నాదే. ఆ భాషలో సెసెంతా అంటే 60, సెతెంతా అంటే 70. నడుమ ఒక్క అక్షరమే భేదం. కంగారులో నా నోటనుండి 'తె' వచ్చింది. 37 ఏళ్ళు కాషు చూసినదాన్ని, సంతకం పెట్టేముందు అంకె చూసుకోలేదు! ఆనాటి నుండి ఒక నియమం పెట్టుకొన్నాను. సంఖ్యను నోటితో చెప్పాలి, చీటీ మీద అంకెలలో రాసి కూడా చూపాలి. అంకెలు అందరివీ ఒకటే.

ఒకటే అన్నాను గాని, అక్కడా చిక్కులున్నాయి. వారు 7 అంకెకు నడుమ అడ్డగీత గీస్తారు. 1 అంకెకు ఎడమవైపు పెద్ద తోక పెడతారు. మన కంటికి అదే ఏడులా ఉంటుంది. అన్నిటికన్న పెద్ద చిక్కు చుక్కతో వచ్చింది. బ్యాంకు ఇచ్చిన కాగితంలో నా నిలువ 1.150,00 అని ఉంటే గుండె ఆగినంత పని అయింది. ఒక యూరో, పైన చిల్లరా! మనం కామా పెట్టేచోట వారు చుక్క పెడతారు; చుక్క పెట్టేచోట కామా పెడతారు. అది పదకొండు వందల యాభై. జీవితమంతా అంకెలతో గడిపినదానికే ఇట్లా ఉంటే, ఇతరుల మాట చెప్పేదేమున్నది?

ఆ మొదటి రోజు ఇంకొక ప్రహసనం కూడా జరిగింది. డబ్బు తీసుకొన్నందుకు రశీదు కావాలి గదా! ఇంగ్లీషు వాసన చూసి 'రెథీబో' అని అడిగాను. యువకుడు, "దె లా లుథ్? దెల్ ఆగువా?" అన్నాడు. ఆగువా అంటే నీళ్ళని నాకు తెలుసు. ఎండన పడి వచ్చానని మంచినీళ్ళు కావాలా అంటున్నాడు కాబోలు, ఎంత మర్యాదస్తుడు అనుకొని, "నో, గ్రాథియాస్" అన్నాను చిరునవ్వుతో. అతడూ అయోమయంగా నవ్వాడు. సాయంత్రం మనవడు చెప్పాడు: రెథీబో అంటే అక్కడ నెలనెలా కట్టవలసిన బిల్లు. కరెంటు బిల్లా, నీటి బిల్లా అని ఆ అబ్బాయి అడిగాడు. బ్యాంకులో మనకు కావలసిన రశీదును రెస్‌గువార్దో అనాలి. నోటు పుస్తకంలో ఆ మాట కింద రెండు గీతలు గీసుకొన్నాను.

ఇట్లా నెలకు రెండు మూడుసార్లు వెళ్ళడం అలవాటయింది. ఒకనాడు లోపలికి వెళ్ళి వరుస ఎక్కడున్నదో తెలియక తలుపు దగ్గరే నిలబడ్డాను. కొందరు కుర్చీలలో, కొందరు గోడ పక్కన, ఎవరికి తోచినచోట వారున్నారు. నా వెనుక వచ్చిన ఒక పెద్దావిడ, "ఎల్ ఉల్తిమో?" అని అడిగింది. అంటే చివర వచ్చినవారెవరు అని. మూలన ఉన్న ఒకాయన చెయ్యి ఎత్తాడు. ఆమె నన్ను చూపి, "ముందు ఈ అమ్మగారు, తర్వాత నేను" అన్నట్లు సైగ చేసింది. వరుసలో నిలబడనవసరం లేదు; మన ముందు ఎవరున్నారో గుర్తుపెట్టుకొంటే చాలు. ఆ ఒక్క మాటతో కాళ్ళ నొప్పులవారందరూ కూర్చోగలుగుతున్నారు!

ఆమె మేము ఉంటున్న భవనంలోనే పై అంతస్తులో ఉంటున్నదని అప్పుడే తెలిసింది. వయస్సు 82. ఇండియాలో ఏ ప్రాంతం అని అడిగింది. చెప్పినా తెలియదులే అనుకొంటూ "అనంతపురం" అన్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అనంతపూర్! బిథెంతే ఫెఱ్ఱేర్!" అన్నది. మనం ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకొన్న విన్సెంట్ ఫెర్రర్ పేరు అది. 1920లో బార్సెలోనాలో పుట్టి, 1952లో భారతదేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరి, కరవు సీమలో బావులకు, బడులకు, ఆస్పత్రులకు జీవితాన్ని ధారపోసి, 2009లో ఆ మట్టిలోనే కలిసిన మనిషి. అక్కడి సామాన్యులెందరో నెలనెలా కొంత సొమ్ము ఆయన సంస్థకు పంపుతూ వచ్చారు. ఆమె చెల్లెలు వారిలో ఒకరట. మన అనంతపురం పేరు హెతాఫె బ్యాంకులో వినబడడం నాకెంత బలమిచ్చిందో చెప్పలేను. ఆ క్షణాన నేను పరాయి ఊళ్ళో ఉన్నట్లు అనిపించలేదు.

ఆ తర్వాత ఆమె అప్పుడప్పుడు మా ఇంటికి రావడం, మా అమ్మాయి దుబాసీగా మేము ముచ్చటించుకోవడం జరిగేది. ఒకరోజు ఆమె చెప్పిన సంగతి విని నిర్ఘాంతపోయాను. 1975 మే నెలలో చట్టం మారేదాకా స్పెయిన్‌లో పెళ్ళయిన స్త్రీ, భర్త అనుమతి లేనిదే బ్యాంకులో సొంత ఖాతా తెరవడానికి వీలులేదు. ఆమె కుట్టుపని చేసి సంపాదించిన సొమ్మును దాచుకోవడానికి భర్త సంతకం కావలసివచ్చిందట. "నా ఫీర్మా నాకు 33 ఏళ్ళు వచ్చాకనే చెల్లింది" అన్నది నవ్వుతూ.

ఇప్పుడేమో మరొక ఇబ్బంది. శాఖలు మూసేస్తున్నారు; రొక్కం ఇచ్చే వేళలు తగ్గించారు; అంతా ఫోనులో చేసుకోమంటున్నారు. పుట్టినప్పటినుండి స్పానిష్ మాట్లాడుతున్న ఆమెకు కూడా బ్యాంకు భాష పరభాష అయిపోయింది. 2022లో వలెన్సియా నగరానికి చెందిన కార్లోస్ సాన్ హువాన్ అనే 78 ఏళ్ళ విశ్రాంత వైద్యుడు "సోయ్ మయోర్, నో ఇదియోతా" అన్న నినాదంతో ఉద్యమం లేవదీశాడు. 'నేను వయసు మళ్ళినవాణ్ణి, మతి లేనివాణ్ణి కాను' అని అర్థం. 6 లక్షలకు పైగా జనం సంతకాలు చేశారు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో బ్యాంకుల సంఘాలు దిగివచ్చి, కౌంటర్లను ఉదయం 9 నుండి మధ్యాహ్నం 2 వరకు తెరిచి ఉంచుతామని, వృద్ధులకు ముందుగా సేవలందిస్తామని ఒప్పుకొన్నాయి. మా పొరుగావిడ కూడా ఆ సంతకాలు చేసినవారిలో ఒకరు. మనిషిని మనిషిగా చూసి మాట్లాడమని అడగడానికి అన్ని లక్షల సంతకాలు కావలసివచ్చాయి!

నా చదువుకు అసలు పరీక్ష ఒక శుక్రవారం నాడు వచ్చింది. మా అమ్మాయి ఆఫీసు పనిమీద మూడు రోజులు ఫ్రాన్సులోని తూలూజ్ వెళ్ళింది. ఇంట్లో నేనూ మనవడూ. వాడికి ముందు రాత్రి నుండి జ్వరం. పొరుగావిడను వాడి దగ్గర కూర్చోబెట్టి, మందుల కోసం డబ్బు తీసుకొందామని బ్యాంకు బయట ఉన్న యంత్రంలో కార్డు పెట్టాను. యంత్రం కార్డు తీసుకొన్నది, డబ్బు ఇవ్వలేదు, కార్డూ ఇవ్వలేదు. తెర మీద ఏవో అక్షరాలు వచ్చి ఆరిపోయాయి. సమయం ఒంటిగంటన్నర. రెండు గంటలకు కౌంటరు మూస్తారు. తర్వాత సోమవారమే.

లోపలికి పరుగువంటి నడకతో వెళ్ళాను. ఈ సందర్భానికి కావలసిన వాక్యం నా పుస్తకంలో లేదు. 'మింగడం' అన్న క్రియ నాకు తెలియదు. తెలిసింది 'తినడం' ఒక్కటే. బుయెనోస్ దీయాస్ చెప్పడం మాత్రం మరువలేదు. తర్వాత ఉన్న ధైర్యమంతా కూడగట్టుకొని, "ఎల్ కహేరో కోమే మి తర్హేతా" అన్నాను.

యువకుడు కళ్ళార్పకుండా చూశాడు. తర్వాత తన రొమ్ము మీద చెయ్యి వేసుకొని, "ఎల్ కహేరో సోయ్ యో" అన్నాడు గంభీరంగా. నా వెనుక ఉన్నవారు ఘొల్లున నవ్వారు. అసలు సంగతి ఏమంటే, కహేరో అంటే డబ్బిచ్చే యంత్రం. కాషియరు అన్నా అదే మాట. "కాషియరు నా కార్డు తింటున్నాడు" అని నేను ఫిర్యాదు చేశాను! "కాషియరును నేనే, నేను తినలేదు" అని అతడి జవాబు. నాకూ నవ్వు ఆగలేదు. భయం సగం దిగిపోయింది. ఆ ఊపులో, ఎక్కడినుండి వచ్చాయోగాని, నేర్చుకొన్న మాటలు వాటంతట అవే వరుసగా నోటికి వచ్చాయి.

"యో ఎరా కహేరా. త్రెయింతా ఇ సియెతే ఆఞోస్." నేనూ కాషియరుగా పనిచేశాను. 37 ఏళ్ళు.

అతడి నవ్వు ఆగింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నన్ను అంతకు ముందు ఎన్నోసార్లు చూశాడు. ఆనాడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "కే నెథెసీతా ఉస్తెద్?" అన్నాడు. ఉస్తెద్ అంటే మీరు. మీకు ఏమి కావాలి?

మనవడి జ్వరం సంగతి, మందుల సంగతి ఉన్న మాటలతో చెప్పాను. తెలియని చోట నుదుటి మీద చెయ్యి పెట్టి చూపాను. "మాస్ దెస్పాథియో" అని నేను అడగకముందే అతడు నెమ్మదిగా మాట్లాడాడు. గుర్తింపు కార్డు చూసి, సంతకం తీసుకొని ముందు డబ్బు ఇచ్చాడు. నోట్లు ఒక్కొక్కటిగా పైకి లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు. నేను కూడా అతడితోపాటు స్పానిష్‌లో లెక్కపెట్టాను. తర్వాత యంత్రం వెనుక తలుపు తెరిపించి కార్డు తెప్పించాడు. "త్రగార్" అని ఒక చీటీ మీద రాసి చూపాడు. మింగడం. వారి యంత్రాలూ మన యంత్రాలవలెనే కార్డులను మింగుతాయన్నమాట! ఆ చీటీని నోటు పుస్తకంలో అంటించుకొన్నాను.

తూలూజ్ నుండి రాగానే మా అమ్మాయి ఈ కథంతా విని, "నాకు ఫోను చేయవలసింది గదా అమ్మా, నేను అక్కడినుండి వాళ్ళతో మాట్లాడేదాన్ని" అన్నది. "నువ్వు మాట్లాడితే పని జరిగేదే తల్లీ. కాని నాకు ఏమి కావాలని వాళ్ళు నిన్నే అడిగేవారు" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పుడు నాతో బ్యాంకుకు వచ్చినా కౌంటరు దగ్గరికి రాదు, కుర్చీలో కూర్చుంటుంది.

పొట్ట చేతపట్టుకొని సూరత్‌కో, సోలాపూర్‌కో వెళ్ళిన తెలుగువారు ఉన్నారు; పిల్లల వెంట సముద్రాలు దాటిన నావంటి వృద్ధులూ ఉన్నారు. వారికి నా అనుభవంతో చెప్పగలిగింది ఒక్కటే. కొత్తచోట భాష మొత్తం వచ్చేదాకా ఆగకండి. ముందు బ్యాంకు కౌంటరుకు సరిపడా నేర్చుకోండి. ఒక పలకరింపు, ఒక కోరిక, అంకెలు, నెమ్మదిగా చెప్పమని ఒక మాట, రాసి చూపమని ఒక మాట. ఇవన్నీ కలిపి రెండు పుటలు దాటవు. తప్పులు వస్తాయి. 60కి 70 వస్తుంది. రశీదుకు నీళ్ళు వస్తాయి. రానివ్వండి. మన సొమ్మును మన నోటితో అడిగినప్పుడు, ఇచ్చేవారు మన ముఖంలోకి చూడక తప్పదు.

కౌంటరుకు ఆవల కూర్చున్నవారికి చెప్పవలసింది కూడా ఒకటున్నది. అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఉన్నా ఆమెకు సమాధానం చెప్పే కిటికీ నా చేతిలో లేదు. నా నోటు పుస్తకంలోని మాటలన్నీ స్పానిష్ మాటలే. ఆఖరి పుటలో మాత్రం ఒక తెలుగు వాక్యం రాసి ఉంచుకొన్నాను. 1986లో నేను తల ఎత్తి చెప్పవలసిన వాక్యం:

"ఉండు అవ్వా, నీ లెక్క ఎంతుందో చూసి నీకే చెప్తాను."